శిల దాకా వెళ్లే దారి: టిటికాకా సూర్యద్వీపంలో రెండు రోజులు

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

బొలీవియాలోని సూర్యద్వీపంలో నేను గడిపింది రెండు పగళ్లు, ఒక రాత్రి మాత్రమే. అంత కొద్దిపాటి పరిచయంతో ఒక చోటిని గురించి వేదికెక్కి మాట్లాడటం సాహసమే అయినా ఒప్పుకున్నాను. స్పెయిన్ వారు రాకముందు ఆండీస్ పర్వతాల ప్రాంతాన్ని ఏలిన ఇన్కాల శిథిలాలను అక్కడ చూసి నిరాశతో తిరిగివెళ్లే యాత్రికులు చాలామంది ఉంటారు. మొదటి రోజు నేనూ వారిలో ఒకణ్ణి. ఆ శిథిలాలను ఏ దారిన, ఏ వరుసలో చేరుకోవాలో తెలియకపోవడమే ఆ నిరాశకు మూలమని రెండో రోజు మధ్యాహ్నానికి గాని నాకు బోధపడలేదు. ఈ సాయంత్రం మీకు చెప్పదలచుకున్నది ఆ దారిని గురించే. ఇన్కా అన్న పేరు చెవికి మన 'ఇంకా' లాగే వినిపిస్తుంది కాబట్టి, నేను మాటిమాటికీ 'ఇంకా, ఇంకా' అంటుంటే ప్రసంగం ఎప్పటికీ ముగియదేమోనని కంగారుపడవద్దని మనవి.

టిటికాకా సరస్సు పెరూ, బొలీవియా దేశాల సరిహద్దున, సముద్రమట్టానికి 3,812 మీటర్ల ఎత్తున ఉంది. మన లేహ్ పట్టణం కంటే ఇది మూడు వందల మీటర్లు ఎక్కువ ఎత్తు. విస్తీర్ణం ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. లా పాజ్ నగరం నుంచి సరస్సు ఒడ్డున ఉన్న కోపకబానా ఊరికి వెళ్లే బస్సు టికీనా జలసంధి దగ్గర ఆగుతుంది. ప్రయాణికులను చిన్న పడవలో దాటించి, బస్సును మాత్రం చెక్క బల్లకట్టు మీదికి ఎక్కిస్తారు. మన సామాను ఉన్న బస్సు నీళ్ల మీద ఊగుతూ రావడాన్ని ఒడ్డున నిలబడి చూడటం ఒక అనుభవం. ఆ పక్కనే బొలీవియా నౌకాదళ స్థావరం ఉంది. 1879లో చిలీతో మొదలైన యుద్ధంలో సముద్రతీరాన్ని పోగొట్టుకున్న ఆ దేశం, నౌకాదళాన్ని మాత్రం పోగొట్టుకోకుండా ఈ సరస్సు మీద కాపాడుకుంటోంది.

కోపకబానా రేవు నుంచి మోటారు పడవలో గంటన్నర ప్రయాణం చేస్తే సూర్యద్వీపపు దక్షిణ కొసన ఉన్న యుమాని గ్రామం వస్తుంది. స్పానిష్ భాషలో ద్వీపం పేరు ఇస్లా డెల్ సోల్. పొడవు పది కిలోమీటర్లకు కాస్త తక్కువ. మోటారు వాహనాలు లేవు. బరువులు మోసేవి గాడిదలు, లామా అనే ఒంటెజాతి జంతువులు. రేవు నుంచి ఊరికి రెండు వందలకు పైగా రాతి మెట్లున్నాయి. మోకాళ్ల పర్వతం ఎక్కిన వారికి రెండు వందల మెట్లు ఒక లెక్కా అనుకుంటాం గాని, ఆ ఎత్తున గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకు మించదు కాబట్టి, ఇరవై మెట్లకొకసారి ప్రకృతి సౌందర్యాన్ని ఆస్వాదిస్తున్నట్లు నటిస్తూ ఆగవలసి వచ్చింది. పైన, మూడు ధారలుగా పారే ఊట ఉంది. దొంగిలించకు, అబద్ధమాడకు, సోమరిగా ఉండకు అన్న మూడు సూత్రాలకు ఆ ధారలు గుర్తులని ఊరివాళ్లు చెబుతారు. ఆ సూత్రాలు 2009 నాటి బొలీవియా రాజ్యాంగంలో కూడా చేరాయి. ధారలతో వాటికి గల చుట్టరికం మాత్రం యాత్రికుల కోసం తర్వాత కలిపినదేమోనని నా అనుమానం.

యుమానికి దక్షిణంగా, నీటి అంచున పిల్కోకైనా అనే రెండంతస్తుల ఇన్కా భవనం ఉంది. ఇన్కాల రాజధాని కుస్కో నగరంలో సూది మొన కూడా దూరని రాళ్ల కూర్పును ఊహించుకుని వెళ్లిన నాకు, ఇక్కడ మట్టితో అతికించిన మామూలు బండరాళ్లు, చీకటి గదులు, గోడల్లో గూళ్లు కనిపించాయి. వాకిట్లో నిలబడితే ఎదురుగా చంద్రద్వీపం, దాని వెనుక 6,368 మీటర్ల ఇల్లాంపు మంచుశిఖరం అద్భుతంగా ఉన్నాయి. భవనమే చిన్నబోయినట్లు ఉంది. ఇంతేనా అనుకున్న మాట నిజం.

మర్నాడు తెల్లవారగానే ఉత్తర కొసకు నడక మొదలుపెట్టాను. ద్వీపపు వెన్నెముక లాంటి కొండ అంచున, రాళ్లు పరిచిన కాలిబాట అది. నింపాదిగా నడిస్తే నాలుగు గంటలు. రెండు వైపులా కొండవాలును కోసి కట్టిన మెట్ల పొలాలు, వాటిలో బంగాళాదుంప, కినోవా, బార్లీ, బక్లా చిక్కుడు. 1953 నాటి భూసంస్కరణల దాకా ఈ పొలాలు భూస్వాముల ఎస్టేట్లు. ఇప్పుడు సాగు చేసుకునే అయిమారా అనే స్థానిక తెగ కుటుంబాలవే. ద్వీపంలోని మూడు గ్రామాలు యుమాని, చల్లా, చల్లపంపా ఒక్కొక్కటీ తన హద్దులో యాత్రికుల దగ్గర రుసుము వసూలు చేస్తాయి. ఆ రాబడి మీదే 2017లో చల్లా, చల్లపంపాల మధ్య తగవు ముదిరి, ఉత్తర భాగం కొన్నేళ్లు బయటివారికి మూతపడింది. దారికి హక్కుదారులెవరన్న తగవు ఆ ద్వీపంలో కొత్తదేమీ కాదు.

ఆ బాట మీద నడుస్తుండగానే, అంతకు ముందు చదివిన పాత రాతలు ఒక్కొక్కటిగా అర్థం కాసాగాయి. 1621లో అగస్టీనియన్ సన్యాసి రామోస్ గవిలాన్, 1653లో జెసూయిట్ పాద్రీ బెర్నాబే కోబో ఇన్కాల కాలంలో ద్వీపపు ఉత్తర కొసన ఉన్న పవిత్ర శిలకు భక్తులు చేసిన యాత్రను వర్ణించి పెట్టారు. వారిని బట్టి, యాత్ర మొదలయ్యేది ద్వీపంలో కాదు, కోపకబానాలో. భక్తులు అక్కడ ఆగి, తమ తప్పులను పూజారి ముందు ఒప్పుకుని, ఉప్పు, మాంసం, మిరపకాయ మాని ఉపవాసం పట్టాలి. ఆ తర్వాతే యాంపుపాటా కొస నుంచి పడవలో ద్వీపపు దక్షిణ తీరానికి దాటి, ఉత్తరానికి నడవాలి. అంటే పిల్కోకైనా ఉన్నది నడక మొదలయ్యే చోట. దాన్ని గమ్యంగా భావించి చూడటం, కొండ కింది సత్రాన్ని చూసి గుడి ఇంతేనా అనుకోవడం లాంటిది.

ఉత్తరాన అసలు క్షేత్రం చుట్టూ గోడ ఉండేది. అందులోకి పోవడానికి ఒకదాని తర్వాత ఒకటిగా మూడు ద్వారాలు: మొదటిది ప్యూమా ద్వారం, రెండోది తేనెపిట్ట ఈకలు పొదిగిన ద్వారం, మూడోది పిల్కో అనే పక్షి ఆకుపచ్చని ఈకలతో అలంకరించిన ద్వారం. ప్రతిచోటా మళ్లీ తప్పులు ఒప్పుకోవాలి. ఇంత చేసి చేరిన సామాన్య భక్తుడికి కూడా ఆఖరి ద్వారమే హద్దు. తెచ్చిన కానుకను అక్కడి పూజారి చేతికిచ్చి, దూరం నుంచే శిలను చూసి వెనుదిరగాలి. ఆ శిల పేరు టిటికాలా. అయిమారా భాషలో 'టిటి' అంటే అడవిపిల్లి, 'కాలా' అంటే రాయి. అంత పెద్ద సరస్సుకూ పేరు పెట్టింది ఈ రాయే. లోకం చీకటిలో ఉన్నప్పుడు సూర్యుడు దీని నుంచే తొలిసారి ఉదయించాడని ఇన్కాల నమ్మకం.

నేను చూసేసరికి అది ఎర్రటి ఇసుకరాతి గుట్ట, పక్కన గాలి, కింద నీలి నీళ్లు. ఒకప్పుడు దాని ఒక ముఖాన్ని బంగారు రేకులతో, నీటి వైపు ముఖాన్ని మేలిమి నేత వస్త్రంతో కప్పేవారని కోబో రాశాడు. శిలకు వెళ్లే బాటలో పాదాల ఆకారంలో రెండు పెద్ద మచ్చలుంటాయి. అవి సూర్యుడి అడుగుజాడలట. రాతిలోని ఇనుము వల్ల సహజంగా ఏర్పడ్డ మచ్చలవి. కొంచెం అవతల, వాలు మీద చింకానా అనే గదుల సముదాయం. ఇన్కాల భాష కెచువాలో ఆ మాటకు దారి తప్పే చోటు అని అర్థం. పేరు సార్థకమే, నేను లోపలికి వెళ్లిన గుమ్మం నుంచి బయటికి రాలేదు.

ఈ క్షేత్రంలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది, ఇప్పుడు పునాదులు మాత్రమే మిగిలిన రెండు స్తంభాల సంగతి. శిలకు వాయవ్యంగా టికానీ అనే గట్టు మీద ఆ పునాదులున్నాయి. జూన్ 21 ప్రాంతంలో, అంటే దక్షిణార్ధగోళంలో ఏడాదిలోకెల్లా పొట్టి పగలున్న రోజున, శిల ముందరి ఆవరణ నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా ఆ రెండు స్తంభాల నడుమ అస్తమిస్తాడని బ్రయన్ బావర్, ఆయన తోటి పరిశోధకులు 1998లో చూపించారు. గోడకు బయట కూడా ఒక తిన్నె ఉంది. లోపలికి రానివ్వని సామాన్య భక్తులు దాని మీద నిలబడితే, అదే సూర్యాస్తమయం వారికీ కనిపించేది. కాకపోతే, తాము సూర్యుడి బిడ్డలమని చెప్పుకునే ఇన్కా ప్రభువర్గం వారికీ సూర్యుడికీ నడుమ నిలబడి ఉండేది. శాసనాలు చెక్కించే అలవాటు లేని రాజ్యం, తన వంశావళిని జనం కళ్లకు కట్టించడానికి ఎంచుకున్న పద్ధతి అది అని నేను అనుకుంటున్నాను. గోడల నాణ్యత కంటే, ఎవరు ఎక్కడ ఆగాలన్న ఏర్పాటు మీదే ఇక్కడి శిల్పుల తెలివంతా ఖర్చయింది.

ఆ స్థలం పవిత్రతను ఇన్కాలు సృష్టించలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వారు ఇక్కడికి వచ్చింది 15వ శతాబ్దంలో. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే తివనాకు రాజ్యం వారు ఈ శిల దగ్గర పూజలు చేశారు. ద్వీపంలో మనుషుల జాడలు క్రీస్తుపూర్వం 2000కు ముందు నుంచే ఉన్నాయి. సమీపంలోని కోవా అనే మునిగిన రాతి దిబ్బ దగ్గర గజ ఈతగాళ్లు తివనాకు కాలపు బంగారు రేకులు, ధూపపాత్రలు వెలికితీసిన వివరాలు 2019లో వెలువడ్డాయి. ఇన్కాలు చేసినదల్లా, అప్పటికే ఉన్న మొక్కుబడికి గోడ కట్టి, ద్వారాలు పెట్టి, కోపకబానాలో ఉన్నవారిని తరలించి సామ్రాజ్యం నలుమూలల నుంచి కొత్తవారిని తెచ్చి కాపలా పెట్టడం.

స్పెయిన్ వారు అదే పాఠాన్ని ఇంకోలా వాడుకున్నారు. ద్వీపంలోని పూజలను మాన్పించారు గాని, జనం నడిచే దారిని మాన్పించలేదు. దాన్ని మధ్యలో ఆపారు, అంతే. ఇన్కా వంశీకుడైన ఫ్రాన్సిస్కో టిటో యుపాంకి చెక్కిన మేరీమాత విగ్రహాన్ని 1583లో కోపకబానాలో ప్రతిష్ఠించారు. పూర్వం ఉపవాసానికి ఆగే మజిలీ ఊరు అలా గమ్యమైపోయింది. బ్రెజిల్‌లోని ప్రసిద్ధ సముద్రతీరానికి ఆ పేరు వచ్చింది కూడా ఈ మాత వల్లనే.

సాయంత్రం పడవలో నేను తిరిగివచ్చేసరికి కోపకబానా చర్చి ముందు కొత్త కార్లు, మినీబస్సులు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. వాటికి పూలదండలు, రంగు కాగితాలు. పాద్రీ వచ్చి మంత్రజలం చల్లుతున్నాడు, యజమానులు చక్రాల మీద బీరు పోస్తున్నారు. దసరా నాటి మన వాహనపూజ కళ్ల ముందు మెదిలింది. రేవు దగ్గరి చిన్న హోటల్లో సరస్సు నుంచి తెచ్చిన ట్రౌట్ చేప వేయించి పెట్టారు; పక్కన టమాటాతో నూరిన లఖ్వా అనే పచ్చి కారం. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వారి ద్వారా మన దేశానికి వచ్చిందని ఎప్పుడో చదివిందే. అయిదు వందల ఏళ్ల కిందట ఈ ఊళ్లో ఆగిన భక్తుడు మానుకోవలసిన మూడింటిలో ఒక్కటి కూడా వదలకుండా, ప్రయాణాన్ని తలకిందులుగా ముగించి, నేను తృప్తిగా భోజనం చేశాను.

ఇంతసేపు ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. నమస్కారం.