లాగే తాడుకు ముడి వద్దు

శ్రోతలకు నమస్కారం.

1922 జూలై 2. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, పెపిన్ సరస్సు. తెల్లారితే పందొమ్మిదేళ్లు నిండే రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు నీళ్లలో ఉన్నాడు. మంచు మీద జారగా లేనిది నీళ్ల మీద ఎందుకు జారకూడదని అతని పట్టుదల. మొదట పీపా చెక్కలు కాళ్లకు కట్టుకున్నాడు, మునిగాడు. మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలు, అదే స్కీలు, కట్టుకున్నాడు, మళ్లీ మునిగాడు. చివరికి ఎనిమిదడుగుల పైన్ చెక్క పలకలు రెండు తెచ్చి, వాటి కొసల్ని మరిగే నీళ్లలో మెత్తబరిచి పైకి వంచాడు. పడవ నడుపుతూ అతన్ని తాడుతో లాగేది సోదరుడు బెన్. మరి తాడో? కిటికీ తాడు! అద్దాల చట్రాన్ని పైకీ కిందకీ జరపడానికి వాడతారే, ఆ తాడు. పట్టుకోవడానికి దాని కొసకు ఒక ఇనప రింగు. ఆ రోజు పలకల కొసలు నీళ్ల పైకి లేపి, వెనక్కి వాలాడు. లేచాడు! పడవ లాగుతుంటే నీళ్ల మీద నిలబడి జారే ఆట, వాటర్ స్కీయింగ్, అలా పుట్టింది.

ఈ కథ నాకెంతో ఇష్టం. కానీ ఆ కిటికీ తాడుతో ఇవాళ మన పిల్లల్ని లాగనివ్వను.

ఇప్పటి తాళ్లు నీళ్ల మీద తేలే ప్లాస్టిక్ నారతో నేసినవి. గాలి నింపిన ట్యూబు మీద పిల్లల్ని కూర్చోబెట్టి లాగడం వేరు, ఒక్క మనిషిని స్కీ మీద లాగడం వేరు. ట్యూబు నీళ్లను ఒరుసుకుంటూ వస్తుంది, అల తగిలినప్పుడల్లా తాడును గుంజుతుంది. అందుకే స్కీ తాడు ట్యూబుకు కట్టకూడదు. అమెరికాలో వాటర్ స్పోర్ట్స్ పరిశ్రమ సంఘం చెప్పే లెక్క ఇది: ట్యూబు మీద ఒక్కరుంటే తాడు కనీసం 680 కిలోల లాగుడుకు తెగకుండా ఉండాలి, ఇద్దరుంటే సుమారు 1080, నలుగురుంటే 1860.

అంత గట్టి తాడునూ పాడు చేసేది ఒకటుంది. ముడి. మళ్లీ చెబుతున్నాను, ముడి.

మా ఇంటి నూతి చేంతాడుకు రెండు ముళ్లుండేవి. తెగిన చోట ముడేసి మళ్లీ వాడటం మనకు అలవాటు. ఒకనాడు సరిగ్గా ముడి దగ్గరే పుటుక్కున తెగింది. బకెట్టు కదా, గాలం వేసి తీశాం. ఇక్కడ తాడు చివర ఉండేది మనిషి. ముడి దగ్గర తాడు మెలి తిరిగి నలిగిపోతుంది, బరువంతా కొన్ని పోగుల మీదే పడుతుంది. తాడు బలం సగం దాకా అక్కడే పోవచ్చు. పైగా సాగి తెగిన తాడు కొరడాలా పడవలోకి ఎగిరొస్తుంది, పడవలో ఉన్నవాళ్ల మొహాలకు తగులుతుంది.

ఎండ కూడా తాడుకు శత్రువే. ఉప్పు నీళ్లలో వాడితే మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, సంచిలో పెట్టాలి. రంగు వెలిసి, నూగు లేచిందంటే దాని పని అయిపోయినట్టే.

రుషికొండలో పడవ వెనక లాగే గాలి బోటు, అదే బనానా బోటు, ఎక్కినా, అమెరికాలో ఉన్న మీ పిల్లలు సరస్సుకు వెళ్లినా, "బాబూ, ఆ తాడొకసారి చూపించు" అని అడగండి. మొహమాటపడకండి. ఈ కొస నుంచి పడవకు కట్టిన చోటు దాకా చెయ్యి జరుపుకుంటూ వెళ్లండి. ముడి తగిలిందా, ఇంకో తాడు తెచ్చేదాకా ఒడ్డునే కూర్చోండి.

నమస్కారం.