ఒక్క ఆర్డర్‌తో అయిపోయే పనేనా? అలివి వల, అడ్మిరల్ థాడ్ అలెన్

నమస్తే అండీ.

బరంపురంలో అయినా, ఛత్రపురంలో అయినా, ఇటు పర్లాకిమిడిలో అయినా, తుపాను హెచ్చరిక వచ్చిందంటే టీ కొట్టు దగ్గర ఒక మాట వినపడి తీరుతుంది. "ఈ ఆఫీసులూ, ఫైళ్లూ ఎందుకండీ? అంతా నేవీ చేతికి ఇచ్చేస్తే ఒక్క ఆర్డర్‌తో అయిపోతుంది కదా!" ఈ మాట వింటే నాకు మనసు ఊరుకోదు. నేవీ మీద గౌరవం లేక కాదు. పెద్ద విపత్తులో అందరూ వినే ఆ ఒక్క ఆర్డర్ అసలు ఉండదు. ఆ సంగతి రెండుసార్లు నిలబడి చూసినవాడు అమెరికా అడ్మిరల్ థాడ్ అలెన్. ఆయన ఉద్యోగ జీవితం చూస్తే ఈ విషయం తేటగా అర్థమవుతుంది.

ముందు ఒక దిద్దుబాటు. ఆయన్ని చాలామంది నేవీ మనిషి అంటారు. నాలుగు నక్షత్రాల అడ్మిరలే, కానీ నేవీ కాదు, కోస్ట్ గార్డ్. ఈ తేడా చిన్నది కాదు. అమెరికాలో కోస్ట్ గార్డ్ సైనిక దళమే అయినా, సముద్రం మీద పోలీసు అధికారం కూడా దానికి ఉంది. ఓడని ఆపుతుంది, ఎక్కి సోదా చేస్తుంది, అరెస్టు చేస్తుంది, ఓడల భద్రత తనిఖీ చేస్తుంది. అంటే ఆ అధికారి రోజూ మాట్లాడేది రేవు యజమానులతో, చేపల పడవల వాళ్లతో, ఊరి పోలీసులతో, చమురు కంపెనీలతో. వీళ్లలో ఎవరూ ఆయన కింద పనిచేసేవాళ్లు కారు.

పుట్టింది 1949లో, తండ్రిదీ కోస్ట్ గార్డ్ ఉద్యోగమే. 1971లో అకాడమీ నుంచి బయటికి వచ్చాడు. మధ్యలో చాలా పోస్టింగులు ఉన్నాయి, అవి వదిలేద్దాం. 2001లో అట్లాంటిక్ వైపు కమాండర్‌గా ఉండగా సెప్టెంబర్ 11 దాడులు జరిగాయి. ఆ రోజు న్యూయార్క్‌లోని మన్‌హాటన్ కొస నుంచి సుమారు 5 లక్షల మందిని దాటించింది యుద్ధనౌకలు కాదండీ. ఫెర్రీలు, టగ్గులు, సొంత పడవలు. దగ్గర్లో ఉన్న పడవలన్నీ రమ్మని కోస్ట్ గార్డ్ రేడియోలో పిలిచింది. అవి వచ్చాయి. అది ఆర్డర్ కాదు, పిలుపు.

ఇప్పుడు గోపాల్‌పూర్ ఒడ్డుకి రండి. అలివి వల లాగడం మీరు చూసే ఉంటారు. పడవ వెళ్లి వలని అర్ధచంద్రంలా పరిచి వస్తుంది. ఒడ్డున రెండు తాళ్లు, రెండు జట్లు. నడుమ, దూరంగా నీళ్లలో, చేప చేరే సంచి. ఒక పెద్దాయన రెండు జట్లకీ మధ్యలో నిలబడి, వల పై అంచున తేలే బెండ్ల వరుసనే చూస్తుంటాడు. ఎడమ జట్టు తొందరపడితే సంచి మూతి వంకరపోతుంది, కుడి పక్క సందులోంచి చేప జారిపోతుంది. అప్పుడాయన ఎడమ వాళ్లని ఆగమంటాడు, కుడి వాళ్లని లాగమంటాడు. ఆయన చేతిలో తాడు ఉండదు. మనుషులకి ఆయన జీతం ఇవ్వడు, ఎవరి వాటా వాళ్లది. అయినా ఆయన మాట వింటారు. బెండ్ల వరుస మొత్తం కనిపించేది నడుమ నిల్చున్న మనిషికే కాబట్టి.

ఈ బొమ్మ మనసులో పెట్టుకోండి. చివరిదాకా దీన్నే వాడతాను.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను తీరం దాటింది. గట్లు తెగి న్యూ ఓర్లీన్స్ నగరంలో 80 శాతం నీట మునిగింది. సెప్టెంబర్ మొదటి వారంలో అలెన్‌ని పంపారు. 9వ తేదీకల్లా మొత్తం బాధ్యత ఆయన మీద పడింది. ఆయన గమనించినది ఏమిటంటే, మామూలు తుపానులో సహాయం అడిగే స్థానిక ప్రభుత్వం ఒకటి నిలబడి ఉంటుంది, పైనుంచి వచ్చిన సామాను దానికి అందిస్తే చాలు. ఇక్కడ అందుకునే చెయ్యే లేదు. బియ్యం లారీ వచ్చింది, దింపించుకునే మనిషి లేడు, అలా అనుకోండి.

మరి తాళ్లు? ఒకటి కేంద్ర సైన్యం, జనరల్ హొనొరే కింద, అధ్యక్షుడి ఆజ్ఞతో. రెండోది నేషనల్ గార్డ్, అంటే రాష్ట్రం చేతిలో ఉండే సైనిక దళం, రాష్ట్ర గవర్నర్ ఆజ్ఞతో. గార్డ్‌ని కేంద్రం చేతికి ఇవ్వడానికి గవర్నర్ ఒప్పుకోలేదు. ఈ రెండు జట్లూ ఒకదాని ఆర్డర్ ఒకటి వినవు, అలెన్ రెండింటికీ కమాండర్ కాడు. అందుకని నగరాన్ని ముక్కలుగా విడదీసి, ఏ ముక్క ఏ దళానిదో తేల్చి ఇల్లిల్లూ వెతికించారు.

(తెర మీద: తలుపు పక్క గోడ, నారింజ రంగు ఇంటూ గుర్తు)

ఈ గుర్తుని దగ్గరగా చూడండి. ఇంట్లోకి వెళ్లేముందు ఏటవాలుగా ఒక గీత. బయటికి వచ్చాక దాన్ని ఖండిస్తూ రెండోది. ఒక్క గీతే ఉందంటే జట్టు ఇంకా లోపలే ఉందని అర్థం. ఎడమ గడిలో జట్టు పేరు. పై గడిలో బయటికి వచ్చిన తేదీ, సమయం. కుడి గడిలో ప్రమాదం, అంటే గ్యాసు వాసనో, కూలబోయే కప్పో. కింది గడిలో ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు. పది దళాలు తిరిగే వీధిలో ఒకే ఇల్లు మూడుసార్లు వెతక్కుండా ఆపేది ఈ నాలుగు గడులే. జట్లు తమ తమ పద్ధతిలో గీసిన చోట తరవాత వచ్చినవాడికి ఏమీ తెలీదు. బెండ్లు అంటే ఇవేనండీ, తేలుతూ అందరికీ కనపడాలి.

ఆ పనివాళ్లని సమావేశపరిచి అలెన్ చెప్పిన మాట కూడా తెలుసుకోవాలి. ఎదురైన ప్రతి మనిషినీ మీ కుటుంబంలో వాళ్లలా చూసుకోండి అన్నాడు. ఏ దళం వాడికైనా, ఏ అధికారి కింద ఉన్నవాడికైనా వర్తించే ఒకే సూచన. నా దృష్టిలో ఆయన ఇచ్చిన అతి గట్టి ఆదేశం అదే.

2006లో కోస్ట్ గార్డ్ అధిపతి అయ్యాడు. పదవీ విరమణ దగ్గరపడగా, 2010 ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో బీపీ అనే చమురు కంపెనీ కోసం బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలింది. 11 మంది చనిపోయారు. సుమారు 5,000 అడుగుల లోతులో బావి చమురు కక్కుతోంది. ఈ విపత్తు పనికి అలెన్ జాతీయ కమాండర్. జనం అడిగింది మన టీ కొట్టు ప్రశ్నే: బీపీ కంపెనీని తరిమేసి మిలిటరీకి ఇవ్వరేం? ఆయన తిరిగి అడిగింది, వాళ్లని తీసేసి ఎవరిని పెట్టాలి? ఆ లోతులో బావిని పట్టుకునే రోబోలూ, పరికరాలూ నేవీ దగ్గర లేవు, చమురు కంపెనీల దగ్గరే ఉన్నాయి. 1990 నాటి చమురు కాలుష్య చట్టం ప్రకారం ఖర్చూ బాధ్యతా కంపెనీదే, పర్యవేక్షణ ప్రభుత్వానిది. మళ్లీ రెండు తాళ్లు. ఈసారి ఒక తాడు తప్పుచేసినవాడి చేతిలోనే ఉంది. అది మింగుడుపడదు, నాకూ మింగుడుపడదు. కానీ ఆ తాడు వదిలేస్తే సంచి పోతుంది.

తప్పులు కూడా జరిగాయి. రోజుకి 5,000 బారెళ్లు అని మొదట్లో చెప్పారు. చివరికి తేలింది 50 వేలకి పైనే. జనం నమ్మకం అక్కడే సడలింది. తేలే అడ్డుకట్ట, బూమ్ అంటారు, అది మా తీరానికి కావాలంటే మా తీరానికి కావాలని స్థానిక నాయకులు పోట్లాడారు. నీటి ప్రవాహం గంటకి 1.3 కిలోమీటర్లు దాటితే, దానికి ఎదురుగా అడ్డంగా కట్టిన బూమ్ కింద నుంచి చమురు జారిపోతుంది. అల లేస్తే పైనుంచి దాటుతుంది. ఎన్ని అడుగుల బూమ్ వేశారన్నది లెక్క కాదు, ఏ కోణంలో వేశారన్నది లెక్క. ఇక ఆకాశంలో విమానాలు ఒకదానికొకటి గుద్దుకోబోయిన సందర్భాలు వచ్చాక, గగనతలం షెడ్యూలు మొత్తం ఫ్లోరిడాలోని ఒక వైమానిక స్థావరం నుంచి ఒకేచోట నడిపించారు.

జూలై 15న కొత్త మూత బిగించి బావి మూశారు. అసలు పరీక్ష ఇక్కడుంది. మూసిన బావిలో ఒత్తిడి చదరపు అంగుళానికి 7,500 పౌండ్లు దాటితే గొట్టం బాగున్నట్టు. 6,000 లోపే ఉంటే అడుగున ఎక్కడో కారుతున్నట్టు, అంటే తెరవాల్సిందే. వచ్చింది 6,700 దగ్గర! అటూ కాదు, ఇటూ కాదు. తెరిస్తే మళ్లీ సముద్రంలోకి చమురు, మూసే ఉంచితే సముద్రపు నేల చీలే భయం. హ్యూస్టన్‌లోని బీపీ ఆఫీసులో ఆ ఒత్తిడి గీతని ఎవరో ఫోన్‌తో ఫోటో తీసి కాలిఫోర్నియాకి పంపారు. అక్కడ భూగర్భ సర్వే శాస్త్రవేత్త పాల్ షే రాత్రంతా లెక్కకట్టాడు. బావి చాలా కక్కేసింది, నిల్వ తగ్గింది, అందుకే ఒత్తిడి తక్కువ, కారడం లేదన్నాడు. మూసే ఉంచారు. కానీ అలెన్ ఒకేసారి ఒప్పుకోలేదు. 24 గంటలు గడువు, మళ్లీ చూసి ఇంకో 24 గంటలు. ఒత్తిడి మెల్లగా పెరుగుతూ వచ్చింది. పెద్దాయన బెండ్లు చూసి "ఇంకో బారెడు లాగండి" అన్నట్టు. సెప్టెంబర్ 19న బావి పూర్తిగా చచ్చినట్టు ప్రకటించారు.

టైమ్ అయిపోతోంది, మన దగ్గరి సంగతి గబగబా చెప్పేస్తాను. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో నడుమ నిలబడేది కలెక్టర్. నేవీ, సైన్యం వచ్చేది పౌర ప్రభుత్వం అడిగితేనే. ఏ పని చెయ్యాలో ప్రభుత్వం చెబుతుంది, ఎలా చెయ్యాలో వాళ్ల అధికారి చూసుకుంటాడు. కటక్ దగ్గరి ముండలి నుంచి వచ్చే ఎన్‌డీఆర్‌ఎఫ్, అంటే కేంద్ర విపత్తు దళం వేరు, ఒడిశా సొంత విపత్తు దళం ఓడ్రాఫ్ వేరు, అగ్నిమాపక దళం వేరు. 2010 జూలైలో జాతీయ విపత్తు సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్ అని మూడు విభాగాలు ఉంటాయి. ఒక్కొక్కరి కింద ఐదుగురి దాకా ఉంటే పని సాగుతుంది, ఏడు దాటితే పట్టు తప్పుతుంది. 1999 తుపానులో సుమారు 10 వేల మంది పోయిన రాష్ట్రం ఇది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ముందే లక్షల మందిని తరలించారు. ఆ తరలింపు చేయించింది జిల్లా యంత్రాంగం, పంచాయతీలు, షెల్టర్ కమిటీలు.

ఆర్యపల్లి లాంటి మత్స్యకార పల్లెల్లో షెల్టర్ కమిటీలో ఉన్నవాళ్లు ఈసారి మూడు పనులు ముందే చేసుకోండి. పల్లపు ఇళ్ల జాబితా, మంచం పట్టిన వాళ్ల పేర్లతో, కాగితం మీద రెండు కాపీలు. బయటి నుంచి వచ్చే పడవ జట్టుకి దారి చూపే మనిషి ఒకరు, ఒడియా, తెలుగు రెండూ వచ్చినవాళ్లు. మైకు ప్రకటన ఒడియాలో ఒకసారి, వెంటనే తెలుగులో ఒకసారి. ఇంట్లో తెలుగే మాట్లాడే ముసలమ్మకి ఏ బస్సు ఎక్కాలో ఆ రెండో ప్రకటనే చెబుతుంది.