గుడారం తర్వాత ఏమిటి?

వలస వచ్చినవాళ్లకు ప్రభుత్వ సాయం అనగానే గుడారాలు, భోజనం పొట్లాలు గుర్తొస్తాయి. అవి లేకపోతే మొదటి రాత్రే గడవదు, కాదనను. కానీ వెనెజువెలా నుంచి వచ్చేవాళ్ల కోసం బ్రెజిల్ 2018లో మొదలుపెట్టిన ‘ఒపెరసావ్ అకొల్యీదా’ (స్వాగత కార్యక్రమం) గమనిస్తే, అసలు బలం కాగితాలు ఇవ్వడంలోనూ సరిహద్దు ప్రాంతం నుంచి దేశం లోపలి ఊళ్లకు పంపడంలోనూ ఉందని తెలుస్తుంది.

వాళ్లు ముందు అడుగుపెట్టేది వెనెజువెలాను ఆనుకుని ఉన్న రొరైమా రాష్ట్రంలో. దానికి అప్పట్లో ఆరు లక్షల జనాభా కూడా లేదు. సరిహద్దు పట్టణం పకరైమా నుంచి రాజధాని బోవా విస్తా 200 కిలోమీటర్ల పైమాటే. పక్క రాష్ట్రంలోని పెద్ద నగరం మనౌస్ ఇంకా ఎంతో దూరం. వచ్చినవాళ్లంతా అక్కడే ఆగిపోతే ఆసుపత్రులు చాలవు, కూలి పనులూ దొరకవు. 2018 ఆగస్టులో పకరైమాలో కొందరు స్థానికులు వలసదారుల గుడారాలు తగలబెట్టారు. సుమారు 1,200 మంది వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయారు.

పకరైమాలో పని వరసగా సాగుతుంది. ముందు వివరాల నమోదు, టీకాలు. తర్వాత ఫెడరల్ పోలీసుల దగ్గర శరణు కోరాలా, నివాస అనుమతి అడగాలా అన్నది తేల్చుకోవాలి. పెద్దల తోడు లేకుండా వచ్చిన పిల్లలతో ప్రభుత్వ న్యాయవాదులు విడిగా మాట్లాడతారు. ఆపైన సీపీఎఫ్, అంటే పన్ను నంబరు. చూడ్డానికి చిన్నదే గానీ, అది లేనిదే బ్యాంకు ఖాతా రాదు, చట్టబద్ధమైన ఉద్యోగం రాదు. కాగితాల దారి మూసుకుపోతే ఏమవుతుందో కోవిడ్ కాలం చూపించింది. 2020 మార్చిలో సరిహద్దు మూశారు. దొంగదారుల్లో వచ్చినవాళ్లకు 2021 జూన్ దాకా అనుమతులు అందలేదు. పట్టుబడితే తిప్పిపంపే ప్రమాదమూ ఉండేది.

దేశం లోపలి ఊళ్లకు పంపడం 2018 ఏప్రిల్‌లో మొదలైంది. 2023 నాటికి లక్ష మందికి పైగా వేరే ఊళ్లకు చేరారు. ఎవరినీ బలవంతంగా పంపరు. కాగితాలు, టీకాలు, వైద్య పరీక్ష పూర్తయి ఉండాలి. బంధువుల దగ్గరికో, స్నేహితుల దగ్గరికో, ఖాయమైన ఉద్యోగానికో, మరో నగరంలోని ఆశ్రయానికో వెళ్లొచ్చు.

చిక్కు ఇక్కడే ఉంది. ఎవరో ఒకరు తెలిసినవాళ్లుంటే త్వరగా కదలొచ్చు. ఒంటరి తల్లికి ముగ్గురు పిల్లలున్నారనుకోండి, యజమానులు వయసులో ఉన్న ఒంటరి మగవాళ్లనే కోరుకుంటారు. ఆమె ఆశ్రయంలోనే మిగిలిపోతుంది. కొత్త ఊళ్లో పిల్లల్ని చూసుకునే చోటు, మొదటి కొన్ని నెలల అద్దె, పోర్చుగీసు తరగతులు ముందే కుదిర్చితే తప్ప ఆమెకు ఉద్యోగం చూపించినా ప్రయోజనం ఉండదు.