ఆట కోసం ఇల్లు మారారు

సభకు నమస్కారం.

ప్రిన్సిపల్ మేడమ్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, నాతో ఇన్నేళ్లు కలిసి పనిచేసిన లెక్చరర్లకు, ఆఫీసు సిబ్బందికి, తెల్లారకముందే వచ్చి కోర్టు ఊడ్చి గీతలు వేసిన మా అటెండర్లకు, పని మానుకుని బస్సులు పట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు పేరుపేరునా నమస్కారాలు. అందరి పేర్లూ చెప్పాలనే ఉంది కానీ పిల్లలు ఎండలో కూర్చున్నారు, నాలుగింటికి ఫైనల్ ఉంది, అందుకని నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

రిటైరయ్యాక మళ్లీ ఈ కాలేజీలో మైకు పట్టుకోవడం ఇదే మొదలు. ఆటలు, ఆరోగ్యం అనే విషయం మీద మాట్లాడమన్నారు. అది మీరు ప్రతి స్పోర్ట్స్ డేకీ వింటూనే ఉన్నారు. నేను ఇవాళ ఒకావిడ గురించి చెప్తాను. పేరు పాట్ సమ్మిట్. అమెరికాలో టెన్నెస్సీ రాష్ట్రం. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడింది, తర్వాత కోచ్ అయింది, ఒకే యూనివర్సిటీలో 38 సీజన్లు ఉండి 1,098 మ్యాచ్‌లు గెలిపించింది, ఎనిమిదిసార్లు జాతీయ చాంపియన్‌షిప్ తెచ్చింది. ఆవిడ దిగిపోయేనాటికి అమెరికాలో పెద్ద కాలేజీల బాస్కెట్‌బాల్‌లో అన్ని మ్యాచ్‌లు గెలిచిన కోచ్ మగవాళ్లలోనూ లేరు, ఆడవాళ్లలోనూ లేరు. ఆ లెక్కను తర్వాత వేరేవాళ్లు దాటారు, అది ఆటలో మామూలే. నాకు ఆ లెక్కకంటే ఆవిడ అక్కడిదాకా ఎలా వచ్చిందన్నదే ముఖ్యం.

1952లో క్లార్క్స్‌విల్ అనే ఊళ్లో పుట్టింది. రైతు కుటుంబం. పైన ముగ్గురు అన్నలు, కింద ఒక చెల్లెలు. పశువులు, గడ్డి, పొగాకు. పొగాకు పని ఎలాంటిదో గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ పిల్ల పొలంలో అన్నలతో సమానంగా పనిచేసింది. రాత్రి పనులన్నీ అయ్యాక పశువులశాల మీద గడ్డి వేసే అటక ఎక్కి, అక్కడ నాన్న బిగించిన రింగు కింద అన్నలతో ఆడేది. చెల్లెలని వాళ్లేమీ వదిలిపెట్టలేదు, తోసేసేవాళ్లు. రీబౌండ్ కోసం, అంటే రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతి కోసం, మోచేతులు అడ్డం పెట్టడం ఆ అటక మీదే నేర్చుకుంది.

హైస్కూల్ వయసు వచ్చేసరికి చిక్కొచ్చింది. తాను చేరాల్సిన బడిలో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ టీమ్ లేదు. పక్క కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. అప్పుడు వాళ్ల నాన్న రిచర్డ్ హెడ్ ఏం చేశాడో వినండి. ఇల్లు మార్చేశాడు. కౌంటీ సరిహద్దు దాటి హెన్రియెట్టా అనే చిన్న ఊరికి కాపురం మార్చాడు, కూతురు చీతమ్ కౌంటీ హైస్కూల్లో ఆడుకోవడానికి.

ఇంకోసారి చెప్తాను, వెనక నిలబడ్డ నాన్నలకు కూడా వినపడాలి. 1960ల్లో, పల్లెటూళ్లో, అయిదుగురు పిల్లలున్న రైతు, ఆడపిల్ల ఆట కోసం ఇల్లు మారాడు. ఆయన పిల్లల్ని గారం చేసే రకం కూడా కాదు. చాలా కఠినమైన మనిషి, పొగడ్త ఆయన నోట రాదు. అలాంటి మనిషి మూటాముల్లె సర్దాడు.

మనమూ ఇల్లు మారతాం. ఐఐటీ కోచింగ్ కోసం, నీట్ కోసం విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఒక గది అద్దెకు తీసుకుని, నాన్న ఊళ్లో, అమ్మ సిటీలో, రెండు పొయ్యిలు, రెండు కాపురాలు. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను, మా బంధువుల ఇళ్లలోనే చూశాను. పిల్లల కోసం ఇల్లు మారడం మనకు చేతకాని పని కాదనే నేను అంటున్నాను. మరి అదే ఇంట్లో అమ్మాయి ప్రాక్టీసు అయ్యాక సాయంత్రం ఆరున్నరకు వస్తే ఎందుకంత గొడవవుతుంది?

నా దగ్గర ఆడే ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. పాయింట్ గార్డ్, అంటే బంతి తీసుకెళ్లి టీమ్‌ను ఆడించే అమ్మాయి. కుడిచేతి వాటం, ఎడమవైపు నుంచి లేఅప్, అదే రింగు దగ్గరికి పరిగెత్తి ఎగిరి బంతి వేయడం, అంటే తడబడేది. ఆ ఏడు వానలకు కోర్టులో నీళ్లు నిలిచిపోతే సైన్స్ బ్లాక్ వరండాలో డ్రిబుల్ చేసేది. కుడిచెయ్యి సాయం రాకుండా దాన్ని వెనక్కి పెట్టి చున్నీతో నడుముకు కట్టేసుకునేది. వానలు తగ్గి కోర్టులోకి దిగేసరికి ఆ పిల్ల ఏ పక్క నుంచి వెళ్తుందో డిఫెండర్లకు అంతుపట్టేది కాదు. యూనివర్సిటీ టీమ్‌కు సెలక్ట్ అయింది. ఇంటర్ యూనివర్సిటీకి ముందు కోచింగ్ క్యాంప్ ఉంటుంది కదా, సరిగ్గా ఆ వారంలోనే నిశ్చితార్థం పెట్టుకున్నారు. ఆ పిల్ల నాన్నగారిని కలిశాను. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడారు, నేను చెప్పిందంతా విన్నారు. స్పోర్ట్స్ కోటా గురించి, ఉద్యోగాల గురించి చెప్పాను. అంతా విని ఆయన ఒకటే అడిగారు. "ఆడితే ఏమొస్తుంది మేడమ్?"

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆ నాన్నగారు ఒక్కరే అన్న మాటైతే మర్చిపోదును. నా సర్వీసంతా రకరకాల ఇళ్లలో, రకరకాల గొంతుల్లో విన్నాను. ఇంటర్ దాకా ఆడనిస్తారు, డిగ్రీకి వచ్చేసరికి ఇక చాల్లే అంటారు. ఆట ముదిరి అసలు రుచి తెలిసేది అప్పుడే!

సరే, మళ్లీ పాట్ దగ్గరికి వస్తాను. స్కూల్ అయ్యాక టెన్నెస్సీ యూనివర్సిటీ మార్టిన్ క్యాంపస్‌లో చేరింది. అన్నలకు స్పోర్ట్స్ స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. ఈవిడకు లేదు. ఆట రాక కాదు, ఆడపిల్లలకు స్కాలర్‌షిప్ అనేదే లేదు. ఫీజు అమ్మానాన్నలే కట్టారు. ఆవిడ చదువుతుండగానే 1972లో అక్కడ టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థలోనూ ఆడ, మగ తేడా చూపకూడదని దాని సారం. కాలేజీల్లో ఆడపిల్లల ఆటకు తలుపులు తెరిచింది ఆ చట్టమే, కానీ డబ్బు మాత్రం వెంటనే రాలేదు.

కాలేజీ చివరి ఏడాదిలో మోకాలి లిగమెంట్ తెగింది. ఇక్కడ మోకాళ్లకు క్యాప్ వేసుకుని కూర్చున్న అమ్మాయిలు నాకు కనిపిస్తున్నారు, ఇది మీకోసం. ఇప్పుడున్న ఆపరేషన్లు 1974లో లేవు. ఇంక ఆట మర్చిపొమ్మని డాక్టర్ సలహా. వాళ్ల నాన్న, మళ్లీ ఆయనే, అమ్మాయి ఒలింపిక్స్‌కు వెళ్తుంది, మోకాలు బాగుచేయండి అని డాక్టర్‌కు చెప్పాడు. అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ ఇంకా మొదలే కాలేదు! 1976లో మాంట్రియల్‌లో మొదలైంది. ఆ టీమ్‌కు ఇద్దరు కెప్టెన్లలో ఈవిడ ఒకరు. రజతం తెచ్చారు. 1984 లాస్ ఏంజెలెస్‌కు అమెరికా టీమ్ కోచ్‌గా వెళ్లి స్వర్ణం తెచ్చింది.

మోకాలు దెబ్బతిన్న ఏడాదే, 22 ఏళ్లకు, నాక్స్‌విల్‌లోని టెన్నెస్సీ యూనివర్సిటీలో హెడ్ కోచ్ అయింది. అసిస్టెంట్‌గా ఉందామని వెళ్తే అక్కడున్న కోచ్ సెలవులో వెళ్లడంతో మొత్తం బాధ్యత నెత్తిన పడింది. నెలకు 250 డాలర్లు. తన మాస్టర్స్ చదువు, క్లాసులు చెప్పడం, మోకాలి కసరత్తు, ఒలింపిక్స్ ప్రాక్టీసు, వీటన్నిటి మధ్య కోచింగ్. వ్యాన్ తనే నడిపేది. డోనట్లు అమ్మిన డబ్బుతో యూనిఫామ్‌లు కొన్నారు, ఆ యూనిఫామ్‌లు తనే ఇంటికి తీసుకెళ్లి ఉతికేది. హోటల్‌కు డబ్బుల్లేక అవతలి కాలేజీ జిమ్‌లో చాపలు పరుచుకుని పడుకుని, పొద్దున లేచి అదే కాలేజీ టీమ్‌తో ఆడిన సందర్భమూ ఉంది. మొదటి మ్యాచ్ ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయారు, 84-83.

ఇది వింటుంటే మా పీడీలకు, అంటే కాలేజీల్లో ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్లకు, కొత్తగా ఏమీ అనిపించదు. టీఏ, డీఏ బిల్లు పాసవ్వక చేతి డబ్బులతో పిల్లలకు ఇడ్లీలు పెట్టించిన పీడీలు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ సభలోంచి దండం పెడుతున్నాను.

ఇంకొకటి. ఆ రోజుల్లో టెన్నెస్సీ హైస్కూళ్లలో ఆడపిల్లలు ఆరుగురు చొప్పున ఆడేవాళ్లు. ముగ్గురు ఒక సగంలో, ముగ్గురు ఇంకో సగంలో, మధ్య గీత దాటకూడదు. కోర్టంతా పరిగెడితే ఆడపిల్లలు తట్టుకోలేరని ఆ రూలు. డిఫెన్స్‌లో పడ్డ అమ్మాయి స్కూల్ అయిపోయేదాకా మ్యాచ్‌లో ఒక్క బాస్కెట్ కూడా వేయదు, తల్చుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది. దాన్ని మార్చాలని గొంతెత్తినవాళ్లలో పాట్ ఒకరు. 1970ల చివరికి అది పోయింది.

ఇప్పుడు, ఆడితే ఏమొస్తుందన్న ఆ నాన్నగారి ప్రశ్నకు జవాబు. పాట్ దగ్గర నాలుగేళ్లూ పూర్తిగా ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తిచేసింది. ప్రతి అమ్మాయీ! క్లాసులో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి. క్లాసు ఎగ్గొడితే మ్యాచ్‌లో ఆడనిచ్చేది కాదు, ఎంత స్టార్ అయినా సరే. ఆట వల్ల చదువు పోతుందనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

తమికా క్యాచింగ్స్ అని ఒక అమ్మాయి. పుట్టుకతోనే వినికిడి తక్కువ. చిన్నప్పుడు తోటి పిల్లలు ఏడిపిస్తుంటే హియరింగ్ ఎయిడ్స్ తీసి పారేసింది. పెదాల కదలిక చూస్తూ, ఊహించుకుంటూ నెట్టుకొచ్చింది. టెన్నెస్సీలో చేరాక పాట్ ఆ విషయం పట్టించుకుని, మళ్లీ పెట్టుకోమని, స్పీచ్ థెరపీకి వెళ్లమని చెప్పి ఒప్పించింది. తమికా ఆ తర్వాత నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. అది అలా ఉంచండి, తన లోపాన్ని దాచుకోకుండా నలుగురిలో మాట్లాడగలిగే మనిషి అయింది. ఆడితే వచ్చేది ఇదండీ.

1990లో పాట్ నిండు గర్భిణి. అయినా మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయిని టీమ్‌లోకి పిలవడానికి విమానంలో పెన్సిల్వేనియా వెళ్లింది. వాళ్లింట్లో ఉండగానే ఉమ్మనీరు పోయింది. తిరుగు ప్రయాణంలో నొప్పులు. పైలట్ కంగారుపడి వర్జీనియాలో దించుతానంటే వద్దంది, బిడ్డ టెన్నెస్సీలోనే పుట్టాలంది. అలాగే పుట్టాడు. మిషెల్ ముందు వేరే యూనివర్సిటీలో చేరినా తర్వాత టెన్నెస్సీకి వచ్చి 1996 చాంపియన్‌షిప్‌లో ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు టీముల దశలో, ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఇలా చేయమని గర్భిణులకు నేను చెప్పను, ఆవిడ పట్టుదల చూడండి.

మగవాళ్ల టీమ్‌కు కోచ్‌గా వెళ్లొచ్చు కదా అన్న ప్రస్తావన వస్తే, అది పైమెట్టు ఎలా అవుతుందని అడిగింది. మా పీడీలూ, ఈ ప్రశ్న మీరు కూడా అడగండి. గర్ల్స్ టీమ్ అంటే తక్కువ పని అనుకునేవాళ్లు మన స్టాఫ్‌రూముల్లోనూ ఉన్నారు.

2011లో, 59 ఏళ్లకు, అల్జీమర్స్ అని తేలింది. వెయ్యికి పైగా మ్యాచ్‌లను, ఎవరి డిఫెన్స్‌లో ఎక్కడ సందుందో అన్నదాన్ని తలలో పెట్టుకున్న మనిషికి! దాచలేదు. బయటికి చెప్పి, ఇంకో సీజన్ కోచింగ్ చేసి, 2012లో దిగింది. ఆ జబ్బు మీద పరిశోధన కోసం తన పేరుతో ఫౌండేషన్ పెట్టింది. 2016 జూన్ 28న, 64 ఏళ్లకు పోయింది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు మతిమరుపు వస్తే చాదస్తం అని కొట్టిపారేస్తాం, దయచేసి డాక్టర్‌కు చూపించండి.

టైమైపోయిందని చీటీ పంపారు. ప్రిన్సిపల్ మేడమ్, మీ ముందే అడుగుతున్నాను. ఏ ఫంక్షన్ వచ్చినా షామియానా కోసం బాస్కెట్‌బాల్ కోర్టులోనే ఇనప మేకులు దిగ్గొడుతున్నారు. ఫ్రీ త్రో గీత దగ్గర గుంట అలాగే ఉంది, పొద్దున వేలు పెట్టి చూశాను, సగం వేలు దిగింది. అక్కడ దిగిన పిల్లకు మడమ మడతపడుతుంది, మోకాలు పోతుంది. ఈ నెలలోనే సిమెంటు పోయించండి, ఇకమీదట షామియానా ఖాళీ స్థలంలో వేయించండి. మ్యాచ్‌కు వెళ్లిన పిల్లల ఓడీ, అంటే ఆన్ డ్యూటీ, అటెండెన్స్ కోసం వాళ్లను లెక్చరర్ల చుట్టూ తిప్పకండి.

అమ్మలూ, నాన్నలూ, ప్రైజులు ఇచ్చేయగానే బస్సు టైమైందని లేవకండి. ఫైనల్ నలభై నిమిషాల ఆట. మీ అమ్మాయి ఆడటం మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు, ఇవాళ చూడండి. రెండు టీములూ లేచి వార్మప్‌కు వెళ్లండమ్మా, షూ లేసులు గట్టిగా కట్టుకోండి, ఆ గుంట దగ్గర జాగ్రత్త.