పెద్దల సభలో సభా నాయకుడి రోజు

శ్రోతలకు నమస్కారం.

రాజ్యసభలో ఛైర్మన్ కుర్చీకి కుడివైపు, మొదటి వరుసలో మొదటి సీటు సభా నాయకుడిది. రాజ్యాంగంలో ఈ పదవి ఊసే లేదు. రాజ్యసభ నియమావళిలో మాత్రం ఉంది. ప్రధానమంత్రి రాజ్యసభ సభ్యుడైతే ఆయనే సభా నాయకుడు. కాకపోతే, అదే సభలో సభ్యుడైన ఒక మంత్రిని ప్రధాని ఆ పనికి నియమిస్తారు. 2004 నుంచి 2014 దాకా మన్మోహన్ సింగ్ ప్రధానిగా ఉంటూనే సభా నాయకుడు. ఆయన తర్వాత అరుణ్ జైట్లీ. సికింద్రాబాద్ నుంచి ఒకప్పుడు లోక్‌సభకు గెలిచిన పి. శివశంకర్ కూడా 1988-89లో ఈ బాధ్యత చూశారు. ప్రభుత్వం మారాక అదే సభలో ప్రతిపక్ష నాయకుడయ్యారు. అటువైపూ ఇటువైపూ కూర్చున్నవాళ్లకు ఈ పనిలోని కష్టం మరింత బాగా తెలుస్తుంది.

ఎందుకంటే సభా నాయకుడి చేతిలో అధికారం చాలా తక్కువ. సభను నడిపేది ఛైర్మన్, అంటే ఉపరాష్ట్రపతి. మైకు ఇచ్చేదీ, వాయిదా వేసేదీ ఆయనే. సభా నాయకుడికి నియమావళి ఇచ్చిన హక్కు ముఖ్యంగా సంప్రదింపు. ప్రభుత్వ పనులు ఏ వరుసలో రావాలో ఛైర్మన్ ఆయన్ని సంప్రదించి నిర్ణయిస్తారు. మిగతాదంతా మాట పలుకుబడి మీద నడిచేదే. పైగా ఈ సభ ఎప్పుడూ రద్దు కాదు. 2 ఏళ్లకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. అందువల్ల లోక్‌సభలో బలమున్న ప్రభుత్వానికి ఇక్కడ బలం లేకపోవడం మామూలే. ఇప్పుడున్న 245 స్థానాల్లో ఆంధ్రప్రదేశ్‌వి 11, తెలంగాణవి 7. ఇలాంటి మధ్యస్థ సంఖ్యలే చాలాసార్లు బిల్లు గతిని తేలుస్తాయి.

పని ముందురోజే మొదలవుతుంది. మరునాటి కార్యక్రమాల జాబితాను సెక్రటరీ జనరల్ కార్యాలయం తయారుచేస్తుంది. జాబితాలో లేనిదాన్ని ఛైర్మన్ అనుమతి లేకుండా చేపట్టకూడదు. బిల్లు ప్రతులు చర్చకు 2 రోజుల ముందు సభ్యులకు అందాలి. సవరణ కోరేవారు కనీసం 1 రోజు ముందు నోటీసు ఇవ్వాలి. తొందరపడి అనుబంధ జాబితాలో రాత్రికి రాత్రి బిల్లు చేరిస్తే గొడవ అక్కడే పుడుతుంది. ఛైర్మన్ మినహాయింపు ఇవ్వవచ్చు, అది నిబంధనలోనే ఉంది. కానీ చదవడానికి వ్యవధి దొరకని సభ్యుడు మరునాడు లేచి నిలబడితే తప్పుపట్టలేం.

ఏ బిల్లుకు ఎన్ని గంటలన్నది సభా కార్యకలాపాల సలహా సంఘంలో తేలుతుంది. దీన్నే బీఏసీ అంటారు. ఛైర్మన్, డిప్యూటీ ఛైర్మన్‌లతో కలిపి 11 మంది. ఇక్కడ సాధారణంగా ఓటింగ్ ఉండదు, ఒప్పందమే. ఒక బిల్లుకు 4 గంటలు ఇచ్చారనుకోండి, 240 నిమిషాలు. సభ్యులు 245 మంది. అంటే మనిషికి నిమిషం కూడా పూర్తిగా రాదు. ఆ సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. 11 మంది ఉన్న పార్టీకి దాదాపు 11 నిమిషాలు. ఒక్కరిద్దరే ఉన్న పార్టీలు, స్వతంత్రులు, నామినేటెడ్ సభ్యులు 'ఇతరులు' కింద సర్దుకోవాలి. పార్టీ నాయకుడు ఎవరెవరు మాట్లాడతారో పేర్లు పంపుతాడు. మొదటి వక్త 11లో 9 నిమిషాలు తినేస్తే, ఆ విషయం మీద నెల రోజులు చదివి వచ్చిన రెండో వక్తకు 2 నిమిషాలు మిగులుతాయి. సభలో గంట మోగినా ఆపని వక్తల్ని మనం చూస్తుంటాం. అది వాళ్ల పార్టీలోని మరొకరి సమయం అని గుర్తుంచుకోండి.

ఇక రోజు. ఉదయం 11కు సభ మొదలు. ముందు పత్రాల సమర్పణ, తర్వాత జీరో అవర్, అంటే సభ్యులు అత్యవసర ప్రజా సమస్యలు ప్రస్తావించే సమయం. ఒక్కొక్కరికి 3 నిమిషాలు, అది దాటితే మైకు ఆగుతుంది. మధ్యాహ్నం 12కు ప్రశ్నోత్తరాలు. 2014 నవంబర్‌కు ముందు ఇవి 11 గంటలకే ఉండేవి. రోజూ ఆ గంటే గొడవలో కొట్టుకుపోతుండటంతో అప్పటి ఛైర్మన్ హమీద్ అన్సారీ 12కు జరిపారు. మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సిన 15 నక్షత్ర గుర్తు ప్రశ్నలు జాబితాలో ఉన్నా, అనుబంధ ప్రశ్నల వల్ల నోటి జవాబు దొరికేవి కొన్నే. భోజన విరామం తర్వాత 2 గంటల నుంచి బిల్లులు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యులవి, అంటే మంత్రులు కానివారివి, ప్రభుత్వం దాని జోలికి రాకూడదు.

ఈ మధ్యలో సభా నాయకుడు, పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి కలిసి చూసుకునేవి చిన్నగా కనిపిస్తాయి కానీ సభను ఆపగలవి. ముందు వరుసలో మంత్రి ఉన్నాడా? అందుకోసం మంత్రులకు వంతుల పట్టిక వేస్తారు. కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, ఉందా? అది పదో వంతు, అంటే 25 మంది. బిల్లు పెట్టాల్సిన మంత్రి లోక్‌సభలో చిక్కుకుపోతే రెండో బిల్లు మంత్రి సిద్ధంగా ఉన్నాడా? రాజ్యాంగం ప్రకారం మంత్రి ఏ సభలోనైనా మాట్లాడవచ్చు, ఓటు మాత్రం తాను సభ్యుడైన సభలోనే.

రాజ్యాంగ సవరణ రోజున లెక్క వేరు. మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువ, అంటే 123 మంది మద్దతు తప్పనిసరి. హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు కూడా కావాలి. అలాంటప్పుడు పార్టీలు మూడు గీతల విప్ జారీ చేస్తాయి, అంటే తప్పక హాజరై పార్టీ చెప్పినట్టు ఓటేయాలన్న ఆదేశం. జీఎస్టీ సవరణ 2015 మేలో లోక్‌సభ దాటింది. రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి, అంటే ఆ బిల్లు పరిశీలనకే వేసిన సభ్యుల సంఘానికి, వెళ్లి, సంవత్సరం పైగా మంతనాలు నడిచాక 2016 ఆగస్టు 3న నెగ్గింది. వ్యతిరేక ఓటు ఒక్కటీ లేదు. ఆలస్యం జరిగిందని కొందరు విసుక్కున్నారు. ఆ ఆలస్యమే ఒప్పందాన్ని తెచ్చిందని నా అభిప్రాయం.

దీనికి ఎదురు ఉదాహరణ 2020 సెప్టెంబర్ 20. కోవిడ్ వల్ల సభ మధ్యాహ్నం 1 వరకే. వ్యవసాయ బిల్లులు పూర్తయ్యేదాకా కూర్చుందామని అధికారపక్షం, రేపటికి వాయిదా వేయండని ప్రతిపక్షం. డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టడం, అడిగామని ప్రతిపక్షం అంది. సభ్యులు తమ సీట్లలో ఉండి అడగలేదని అధ్యక్షస్థానం అంది. బిల్లులు మూజువాణి ఓటుతో, అంటే లెక్కింపు లేకుండా నోటిమాటతో, నెగ్గాయి. మరునాడు 8 మంది సస్పెండయ్యారు. సమయం పొడిగింపు అనే చిన్న విషయం మీద సమ్మతి కుదరకపోతే ఏమవుతుందో ఆ రోజు చూశాం.

తెలుగువారు ఎన్నటికీ మరచిపోని రోజు 2014 ఫిబ్రవరి 20. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు రాజ్యసభలో. సభా నాయకుడు స్వయంగా ప్రధాని. 15వ లోక్‌సభ చివరి సమావేశం మరునాడే, 21న, ముగియాలి. రాజ్యసభ ఒక్క మాట సవరించినా బిల్లు తిరిగి లోక్‌సభకు వెళ్లాలి, అక్కడ మళ్లీ ఆమోదం పొందాలి. చేతిలో ఉన్నది ఒక్క రోజు. అందుకే ప్రతిపక్షం నుంచి వెంకయ్యనాయుడు అడిగిన రక్షణలను బిల్లులో చేర్చడానికి బదులు, మన్మోహన్ సింగ్ లేచి 6 అంశాల ప్రకటన చేశారు. 5 ఏళ్ల ప్రత్యేక హోదా అందులోనిదే. బిల్లు ఆ సాయంత్రమే నెగ్గింది. ఆ హామీ మాత్రం చట్టంలో ఎక్కడా అక్షరంగా లేదు. సభలో ప్రకటన వేరు, చట్టంలో సెక్షన్ వేరు. ఆ తేడాకు ఆంధ్రప్రదేశ్ ఎంత మూల్యం చెల్లించిందో తర్వాతి ఏళ్ల వాదనలన్నీ చెబుతాయి. తప్పు ఏ పార్టీదో అన్నది కాదు ఇక్కడ సంగతి. క్యాలెండర్‌లో రోజులు అయిపోయాక బిల్లు పెద్దల సభకు వస్తే, సవరించే హక్కు పేరుకే మిగులుతుంది.

ప్రతిపక్షానికి ఉన్న పనిముట్లూ తెలుసుకోవాలి. రాజ్యసభలో ప్రభుత్వాన్ని నిలదీసే వాయిదా తీర్మానం లేదు, అవిశ్వాసం లేదు. 176వ నియమం కింద రెండున్నర గంటల స్వల్పకాలిక చర్చ ఉంది. దానికి ఓటింగ్ ఉండదు. 267 కింద మిగతా పనంతా పక్కనపెట్టి చర్చించమని అడగవచ్చు. 2016 నవంబర్‌లో నోట్ల రద్దుపై అలా అనుమతి దొరికింది. రోజూ ఉదయం ఆ నోటీసులు తిరస్కరించగానే సభ్యులు వెల్‌లోకి, అంటే ఛైర్మన్ కుర్చీ ముందున్న ఖాళీ స్థలంలోకి, రావడం, సభ 2 గంటలకు వాయిదా పడటం ఇప్పుడు అలవాటైపోయింది. సమర్థుడైన సభా నాయకుడు అదే అంశాన్ని 176 కింద ఏ రోజు పెడతారో చెప్పి గండం గట్టెక్కిస్తాడు. అయితే తేదీ చెప్పాలి. 'తర్వాత చూద్దాం' అంటే ఎవరూ కూర్చోరు.

సాయంత్రం 6 దగ్గరపడేసరికి పొడిగింపుకు సభ అభిప్రాయం అడుగుతారు. 250 పదాలు మించని ప్రత్యేక ప్రస్తావనలు చదువుతారు లేదా సభ ముందు ఉంచుతారు. వారం చివర వచ్చే వారం ప్రభుత్వ పనులను మంత్రి సభకు చెబుతారు. మరునాటి జాబితా రాజ్యసభ వెబ్‌సైట్‌లో ఉంటుంది. సంసద్ టీవీ పెట్టే ముందు ఒకసారి అది తెరిచి, సభలో జరిగేదాన్ని జాబితాతో పోల్చి చూడండి. ఎన్నో అంశం దగ్గర సభ ఆగిందో గుర్తించండి.

నమస్కారం.