బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మన ఇంటి తిండి: నా మధ్యాహ్న భోజనం చూడండి

నమస్కారమండీ. మాది శ్రీకాకుళం. మూడేళ్ళ కిందట విశాఖపట్నంలో నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అంటారు. అప్పుడు 118 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 76. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, చేయించుకోబోయేవాళ్ళు ఫోన్ చేసి ఏం తినాలి, ఎలా తినాలి అని అడుగుతున్నారు. ఎంత చెప్పినా మాటల్లో అందడం లేదు. అందుకే ఈరోజు నా భోజనం మీ ముందే తింటాను. ఎదురుగా గడియారం పెట్టుకున్నాను, 12:40 అయింది. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడను. నమిలి, మింగి, స్పూను కింద పెట్టి అప్పుడు మాట్లాడతాను. మధ్యమధ్యలో ఆగితే ఏమీ అనుకోకండి. ఆ స్పూను కింద పెట్టడం నేర్పడానికే ఈ వీడియో.

కంచం దగ్గరగా చూడండి. మా అబ్బాయి చిన్నప్పుడు తిన్న స్టీలు పళ్ళెం ఇది. ఇందులో చందువ ముక్క ఒకటి, పులుసులోంచి తీసి పెట్టాను, పులుసు పోసుకోలేదు. ఆనపకాయ కూర మూడు స్పూన్లు. అన్నం రెండు స్పూన్లు, అది ఆఖర్న. మొత్తం కలిపితే ఒక టీ కప్పు. మూడేళ్ళ తర్వాత లెక్క ఇది. మొదటి నెలలో ఇందులో పావు వంతు కూడా పట్టేది కాదు.

ఎందుకు పట్టదంటే, స్లీవ్‌లో కడుపు సంచిని 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం. మొదట్లో అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లే. గ్యాస్ట్రిక్ బైపాస్ అని ఇంకో రకం బరువు తగ్గే ఆపరేషన్ ఉంది, గుండెది కాదు. అది అయినవాళ్ళకి ఇంకా చిన్నది, దాదాపు 30 మిల్లీలీటర్ల సంచి చేసి దాన్ని పేగుకి కలుపుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో తీసేసే ఆ భాగంలోనే. అందుకే తొలి నెలల్లో ఆకలే తెలీదు. కడుపు అలా మారిపోయింది గానీ, చెయ్యి మారలేదు కదండీ. నలభై ఏళ్ళు నిమ్మకాయంత ముద్ద కలిపిన చెయ్యి అది.

ఇది నాకు ఆరో వారంలో తెలిసింది. మెత్తగా ఉడికించిన అన్నం రెండు స్పూన్లు తినమన్నారు డాక్టరు గారు. ఆ రోజు ఇంట్లో వేడన్నం, కందిపొడి, నెయ్యి. వాసనకి ఆగలేక నిలబడే రెండు ముద్దలు తినేశాను. మూడోది గుండెల మధ్య ఆగిపోయింది. రాయి పెట్టినట్టు నొప్పి. నోట్లో తెల్లగా నురగలాంటి ఉమ్ము ఊరుతూనే ఉంది, మింగుడు పడదు. నీళ్ళు తాగితే దిగుతుందనుకుని అర గ్లాసు తాగాను, అది ఇంకా పెద్ద తప్పు. దారి మూసుకుపోయాక నీళ్ళు ఎటు పోతాయి? పెరట్లో గోడ పట్టుకుని వాంతి చేసుకుంటుంటే మా అత్తగారు వీపు రాస్తూ, "ఏటమ్మా, రెండు ముద్దలకే ఇలాగైపోతే ఎలాగ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అలా పట్టేస్తే ఏమీ తాగకండి. నిటారుగా కూర్చోండి, మెల్లగా నడవండి. దానంతటదే దిగుతుంది, లేదా పైకి వచ్చేస్తుంది. గంటలు గడిచినా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఆ తర్వాత ఆరు నెలలు నేను చేత్తో తినలేదు. ఇదిగో ఈ టీ స్పూనుతోనే, అది కూడా సగం నింపి. ఇప్పుడు మళ్ళీ చేత్తో తినగలను. చూడండి, ముద్ద ఎంత కలుపుతున్నానో. కుంకుడు గింజంత. దాన్ని 20, 25 సార్లు నమలాలి. నాలుక మీద పిండిలా అయిపోయాక మింగాలి. ఈ ముద్ద నమిలి మళ్ళీ మాట్లాడతాను.

ఆఁ. ఇప్పుడు వారాల సంగతి. మీ సర్జన్ ఇచ్చిన చీటీలో ఉన్నదే ముందు, నేను చెప్పేది దాని తర్వాత. మామూలుగా మొదటి ఒకటి రెండు రోజులు నీళ్ళు, వడకట్టిన కూరగాయల నీళ్ళలాంటివి. రెండు వారాల దాకా పాలు, పల్చటి మజ్జిగ, ప్రోటీన్ పొడి కలిపిన పాలు, వడకట్టిన పప్పు కట్టు. మూడు, నాలుగు వారాల్లో మిక్సీలో వేసిన మెత్తటి తిండి. అయిదు నుంచి ఎనిమిది వారాలు చేత్తో నొక్కితే నలిగిపోయేంత మెత్తనివి. రెండు నెలలు దాటాక మామూలు తిండి కొంచెం కొంచెంగా. కారం, ఆవపిండి ఆ రెండు నెలలూ బాగా తగ్గించండి.

ఇంట్లో పెద్దవాళ్ళు చోడి అంబలి, అంటే రాగి అంబలి, పోస్తామంటారు. నీరసంగా ఉన్నవాళ్ళకి మన జిల్లాలో మొదట గుర్తొచ్చేది అదే. చెడ్డది కాదు, చోళ్ళలో కాల్షియం బాగా ఉంటుంది. కానీ అంబలి కప్పుతో కడుపు నిండిపోతే ప్రోటీన్‌కి చోటు మిగలదు. అందుకని నేను అంబలి నీళ్ళతో కాకుండా పాలతో పల్చగా కాచి, చల్లారాక అర స్కూపు ప్రోటీన్ పొడి కలుపుకునేదాన్ని. తరవాణి, చారన్నం, మజ్జిగన్నం విషయంలో జాగ్రత్త. జారుగా ఉంటాయి కాబట్టి పట్టేయవు, హాయిగా దిగిపోతాయి. దిగిపోతాయి కాబట్టే ఎంత తిన్నామో తెలీదు. ఏడాది తర్వాత బరువు మళ్ళీ పెరిగిన చాలామంది ఈ జారుడు తిండి దగ్గరే చిక్కుకుంటారు.

అయిదో వారంలో నన్ను ఆదుకున్నది సొరచేప పిట్టు. బాలింతలకి పెడతారే, అదే. నాలుగు చిన్న పాలసొర ముక్కలు పసుపు వేసి ఉడికించాలి. తోలు, మధ్యలో ఎముక తీసేసి చేత్తో చిదపాలి. మామూలుగా అయితే నీరంతా పిండేసి పొడిపొడిగా వేయిస్తాం, మీరు అలా చేయకండి. కొంచెం తడి ఉంచండి, పొడిగా ఉన్నదే గొంతులో పట్టేది. ఒక స్పూను నూనెలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి వేసి, అవి మెత్తబడ్డాక చేప వేసి రెండు నిమిషాలు కలిపితే చాలు. రెండు స్పూన్లు తింటే నాకు కడుపు నిండేది. సొర వారానికి ఒకసారి చాలు, మిగతా రోజుల్లో చందువ. చేప తినని వాళ్ళు పనీరు తురిమి ఇలాగే చేసుకోవచ్చు.

రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అందాలని చెబుతారు. అది ఎంతో తెలియాలంటే నా రోజు చూడండి. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, రెండు గుడ్లు: 12 గ్రాములు. పాలు మొత్తం మీద 300 మిల్లీలీటర్లు: సుమారు 9. ఈ చేప ముక్క: 15 దాకా. ముద్దపప్పు చిన్న గిన్నెడు: 7. పనీరు 50 గ్రాములు: 9. పెరుగు 100 గ్రాములు: 3. ఇన్ని తిన్నా 55 దగ్గరే ఆగింది, చూశారా. మిగతాది అర స్కూపు పొడితో సరిపెడతాను. కంచంలో ముందు చేప, తర్వాత కూర, ఆఖర్న అన్నం అనేది అందుకే. కడుపు ముందే నిండిపోతే వదిలేయాల్సింది అన్నాన్నే.

ఇక్కడ ఒక్క నిమిషం. ఉద్దానం వైపు వాళ్ళు, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస, ఇచ్ఛాపురం వాళ్ళు ఈ మాట వినాలి. మీ దగ్గర కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తంలో చూపించే క్రియాటినిన్ మీకు ఎక్కువ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉన్నా, ఈ గ్రాముల లెక్క నా దగ్గర తీసుకోకండి. రక్తపరీక్ష చేయించుకుని కిడ్నీ డాక్టరు, సర్జన్ ఇద్దరూ కలిసి చెప్పినంతే తినండి.

12:56 అయింది. చేప అయిపోయింది. కంచం పక్కన నీళ్ళ గ్లాసు లేదు, గమనించారా? ఇది నాకు అన్నిటికంటే కష్టమైన అలవాటు. తినడానికి ముందు అరగంట, తిన్నాక అరగంట నీళ్ళు తాగను. కలిపి తాగితే ఉన్న కాస్త చోటూ నీళ్ళకే పోతుంది, తిన్నది తొందరగా జారిపోయి మళ్ళీ తినాలనిపిస్తుంది. మిగతా రోజంతా గుక్క గుక్కగా తాగుతూనే ఉండాలి. ఈ లీటరు బాటిలు మీద పెన్నుతో గీతలు గీసుకున్నాను: 9 గంటలు, 11, 2, 4. గీత దాకా దిగకపోతే వెనకబడ్డట్టు. రోజుకి ఇలాంటివి రెండు బాటిళ్ళు. ఎండాకాలంలో అశ్రద్ధ చేస్తే ఒంట్లో నీరు ఎండిపోయి ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తుంది. గోళీసోడా, కూల్‌డ్రింకులు వద్దు, గ్యాస్‌తో కడుపు ఉబ్బి నొప్పి చేస్తుంది.

ఇక చుట్టాలు. మా పుట్టిల్లు విజయనగరం. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఇల్లంతా జనం. ఆపరేషన్ అయిన ఏడాది వెళ్ళాను. మా పిన్ని ప్రేమగా బూరెలు పెట్టింది. కాదంటే బాధపడుతుందని రెండు తిన్నాను. పావుగంటకి ఒళ్ళంతా చెమట, గుండె దడ, కడుపులో మెలిపెట్టడం, ఆపైన విరేచనాలు. సిరిమాను వీధిలోకి వచ్చేసరికి నేను లోపలి గదిలో పడుకుని ఉన్నాను. దీన్ని డంపింగ్ అంటారు. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగిపోతే జరుగుతుంది. బైపాస్ వాళ్ళకి ఎక్కువ, స్లీవ్ వాళ్ళకీ కొందరికి వస్తుంది. కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటలకి షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

ఇప్పుడు పండక్కి వారం ముందే పిన్నికి ఫోన్ చేస్తాను. "పిన్నీ, నాకు గుడ్డు ఉడకబెట్టి ఉంచు, చేపల కూరలో ముక్క తీసి ఉంచు, తీపి మాత్రం పెట్టకు" అని ముందే చెప్పేస్తాను. పెట్టేవాళ్ళకి ఏదో ఒకటి పెట్టామన్న తృప్తి కావాలి. వద్దు అనేకంటే ఏం పెట్టాలో చెప్పడమే నయం. నా అనుభవంలో అది ఎక్కువ పనిచేసింది.

మాత్రలు జీవితాంతం. మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి. కాల్షియం సిట్రేట్ రకం అయితే ఒంటికి బాగా పడుతుంది. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు తేడా ఉండాలి, ఐరన్ టీతో వేసుకోకూడదు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు బరువు తగ్గుతున్నప్పుడు డాక్టరుకి చూపించుకుని డోసు మార్పించుకోండి, పాత డోసే వేసుకుంటే బీపీ, షుగర్ మరీ పడిపోవచ్చు. ఊళ్ళో ఒళ్ళునొప్పులకి సూది వేయించుకునే అలవాటు మనకి బాగా ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఈ కడుపుకి పుండు చేస్తాయి, బైపాస్ వాళ్ళకి మరీ ప్రమాదం. సూది వేసే ఆయనకి మీ ఆపరేషన్ సంగతి ముందే చెప్పండి. మందు తాగే అలవాటున్న వాళ్ళకి ఒక మాట: ఇప్పుడు కొంచెం తాగినా వెంటనే తలకెక్కుతుంది, మానేయడమే మంచిది.

మూడు నెలలు దాటాక జుట్టు ఊడుతుంది. దువ్వెన చూసి నేను ఏడ్చాను. చాలామందికి కొన్ని నెలల్లో ఆగి మళ్ళీ వస్తుంది, నాకూ వచ్చింది. ప్రోటీన్ మాత్రం తగ్గించకండి. పిల్లల కోసం చూసేవాళ్ళు ఏడాది, ఏడాదిన్నర ఆగాలి. నెలసరి సరిగ్గా వచ్చి గర్భం తొందరగా నిలుస్తుంది కాబట్టి, అప్పటిదాకా గర్భం రాకుండా తీసుకునే జాగ్రత్తల గురించి డాక్టరుని ముందే అడగండి.

సాయంత్రం ఆరింటికి నాకు ఇప్పటికీ మిరపకాయ బజ్జీ గుర్తొస్తుంది. అది కడుపు ఆకలి కాదు, కంటి ఆకలి. దాని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. ఆ వేళకి చెప్పులేసుకుని ఏడు రోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి గుడి దాకా నడిచి వస్తాను. నడక మొదటి వారం నుంచే, ఇంట్లోనే అయినా సరే. బరువు వారానికి ఒక్కసారే చూసుకోండి. మధ్యలో మూడు నాలుగు వారాలు ముల్లు కదలదు, కంగారు పడకండి.

ఈ ఒక్కటి మాత్రం రాసుకోండి. జ్వరం, నాడి నిమిషానికి 120 దాటడం, కడుపులోగానీ ఎడమ భుజంలోగానీ తగ్గని నొప్పి, ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టడం, నల్లటి విరేచనం, రోజంతా నీళ్ళు కూడా నిలవకపోవడం. వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. వెంటనే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి, దూరమైతే ముందు దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్ళండి. వాంతులు రోజుల తరబడి సాగితే విటమిన్ బి1 తగ్గి నరాలు దెబ్బతింటాయి, అది కూడా ఆలస్యం చేసే విషయం కాదు.

1:08 అయింది. చూడండి, అన్నం ఒక స్పూను మిగిలింది. నాకు ముక్కులోంచి చిన్నగా నీరు కారుతోంది, ఒక ఎక్కిలి కూడా వచ్చింది. నా కడుపు చాలు అని చెప్పేది ఇలాగే. మీకు తుమ్ము రావచ్చు, నిట్టూర్పు రావచ్చు, ఏది వస్తుందో కనిపెట్టుకోండి. ఆ ఒక్క స్పూనూ ఎందుకు పారేయడం అని నోట్లో వేసుకోను, మూత పెట్టేస్తున్నాను. నీళ్ళ బాటిలు 1:40కి తీస్తాను.