పుస్తెలతాడు మీద నడిచిన బీటెక్

(తెలంగాణలో ఇంటర్ రెండో ఏడాది విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు మేనేజరు ప్రసంగం)

అందరికీ నమస్కారం. విద్యా రుణాల గురించి చెప్పమని పిలిచారు. చెబుతాను గానీ, ముందు బంగారం సంగతి.

నేను బ్యాంకులో ఉన్నన్నాళ్లూ, ఏటా కౌన్సెలింగ్ రోజులు రాగానే గోల్డ్ లోన్ కౌంటరు దగ్గర రద్దీ పెరిగేది. దేనికమ్మా అంటే "పిల్ల ఫీజుకు సార్" అనేవారు. కాగితం మీద మాత్రం 'వ్యవసాయం' అని రాసేవాళ్లం. పొలం పాసుపుస్తకం జిరాక్సు జతచేస్తే వడ్డీ తక్కువ మరి. తప్పే, నా సంతకంతోనే జరిగింది. అలా ఎన్ని బీటెక్కులు పుస్తెలతాళ్ల మీద నడిచాయో విద్యా రుణాల లెక్కలో దొరకదు. పంట రుణాల్లో వెతుక్కోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు. ఉంది. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించిన ఆ పథకం లేకపోతే, ఇంజినీరింగ్ కాలేజీ గేటు కూడా చూడని ఇళ్లు ఎన్నో. అయితే మన దగ్గర బీసీలకు, ఈబీసీలకు అంటే ఆర్థికంగా వెనకబడిన వర్గాల పిల్లలకు, ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) పదివేల లోపు ర్యాంకు వస్తే ఫీజంతా ఇస్తారు, దాటితే మామూలుగా 35,000 రూపాయలే. కాలేజీ ఫీజు లక్ష అనుకోండి. ఏటా 65,000 మీ చేతి నుంచి. నాలుగేళ్లకు 2,60,000. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజు ఇందులో లేవు.

ఆ 35,000 అయినా ఎప్పుడొస్తాయి? సర్కారు స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు ఈపాస్‌లో దరఖాస్తు పెడతారు, బిల్లు ట్రెజరీకి వెళ్తుంది, టోకెన్ ఇస్తారు. టోకెన్ అంటే డబ్బు కాదండీ, వరుసలో మీ నంబరు. 2025 నవంబరులో మన ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తలుపులు మూసుకున్నది అందుకే. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో ఈ డబ్బు తల్లి ఖాతాలో వేశారు, తర్వాత తల్లీబిడ్డల జాయింట్ ఖాతా అన్నారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. ఎవరి ఖాతాలో వేస్తేనేం, ఏ నెలలో వేస్తారో చెప్పే నాథుడు లేడు. సర్కారు ఆలస్యానికి వడ్డీ కట్టేది మీరు.

ఇక విద్యా రుణం. నాలుగు లక్షల దాకా తాకట్టు అడగకూడదు. తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. చదువయ్యేదాకా, ఆపైన ఏడాది దాకా వాయిదాలు ఉండవు గానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. వీలైతే నెలనెలా ఆ వడ్డీ కట్టేయండి. ఎంపికైన విద్యాసంస్థల్లో సీటొస్తే 2024లో వచ్చిన కేంద్ర పథకం పీఎం విద్యాలక్ష్మి చూడండి. ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే, పది లక్షల వరకు అప్పుపై మూడు శాతం వడ్డీ రాయితీ ఇస్తారు.

మాకు తెలిసిన ఒకాయన కూతురికి ఉద్యోగం వచ్చింది. కంపెనీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మంది. కాలేజీకి వెళ్తే, సర్కారు నుంచి రావాల్సింది మీరు కట్టి తీసుకెళ్లండి అన్నారు. రెండు ఎడ్లు అమ్మి కట్టాడు. తర్వాత ఆ బకాయి విడుదలైందట. తిరిగి ఇమ్మని అడగడానికి ఆయన దగ్గర రసీదు లేదు. మీకూ అలాంటి పరిస్థితి వస్తే రసీదు తీసుకోండి, దాని మీద 'రీయింబర్స్‌మెంట్ రాగానే వాపసు' అని రాయించుకోండి. రాయమంటే వాళ్లు గొణుగుతారు. మీరు అక్కడే కూర్చోండి.

ఇక అడగండి. వెనక వరుసలో అమ్మ ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది.